పనసలమెట్ట కెక్కిన వ్యాను

వర్షర్తువు తన నల్లని మేఘముల నుపసంహరించుకొని మరలిపోయిన పిమ్మట తూర్పుకనుమల పాదములయందు శరత్కాలము నిర్మలకాంతులతో నడుగిడెను. నాలుగు మాసములు నిరంతరధారాసంపాతమున దడిసిన గిరిసానువులు గాఢహరితవర్ణమును దాల్చి తెల్లని మంచుతెరల నడుమ నుండి మెల్లమెల్లగా వెలువడుచుండ, మెట్టచేల వెంబడి విరిసిన వలిసెపూవుల పసిమి యుదయభానుని బంగారమునకు బదులు చెప్పుచుండ, నిన్నమొన్నటి వఱకు బురదనురుగులు గ్రక్కిన గెడ్డలు స్వచ్ఛజలములతో రాతిగుండ్ల నొరసికొనుచు బ్రవహించుచుండ, ఆ మనోహరప్రభాతమున నందివలస యను చిన్నపట్టణమందు బస్సులు నిలుచు చోటి వెనుక నున్న మరమ్మతుల వీధి మాత్రము ఈ శోభతో దనకేమియు బనిలేనట్లు డీజిలుపొగల నడుమ గన్ను విప్పెను.

శరత్తును వర్ణించిన కవులెవ్వరును ఈ వీధిలో నడుగు పెట్టియుండరు. పెట్టియుండినచో వారి ధోవతులకు గ్రీజు మరకలంటి వర్ణనము సగములోనే నిలిచిపోయి యుండును. అయినను సౌందర్యము పూవులయందు మాత్రమే కలదనుకొనుట పొరపాటు. మంచి పనివాని చేతిక్రింద నెఱ్ఱగా గాలిన యినుము వంగుట చూచిన కన్నులకు వలిసెచేలు వెలవెలబోవును. ఈ మాట నొప్పుకొనని వారు మండోజు అప్పలాచారి కొలిమిని జూచి యుండరని నా నమ్మకము.

అప్పలాచారికి అఱువదిరెండేండ్లు. బక్కపలుచని దేహము, మోచేతుల వఱకు నిప్పురవ్వల మచ్చలు, చెవులకు దారముతో గట్టిన కండ్లజోడు. ఆయన కమాను మేస్త్రి. బండ్ల వెనుకచక్రముల యిరుసుపై నొకదాని నొకటి యంటి పేర్పబడి విల్లువలె వంగియుండు నినుపపట్టీల కట్టలను ఆ ప్రాంతమున గమానుకట్ట లందురు. బండిబరువంతయు మోయునవియు, త్రోవలోని రాతిదెబ్బలన్నియు దాము తిని సరకునకు దెలియకుండ జేయునవియు నవియే. వానిని గాల్చి వంచి పదును పెట్టి కట్టుట మండోజువారి వంశవిద్య. ఆచారి గర్వి; ఈ విషయమున దాచవలసిన దేమియు లేదు. తాను గట్టిన కమాను విఱిగినదని యెవరైన వచ్చి చెప్పినచో ముందుగా నా మనుష్యుని యెగాదిగా జూచి పిమ్మట గాని కమానును జూచువాడు కాడు. ఆయన కొలిమికొక యాచారము కలదు. క్రొత్త కమానులు గట్టిన బండి మొదటిసారి సరకుతో బయలుదేరునప్పుడు మేస్త్రి ముందు పీఠమున గాక వెనుక, సరిగా నిరుసుమీద, మూటల నడుమ గూర్చుండి గమ్యము వఱకు బోవలెను. తాత యెడ్లబండ్ల కాలమున నట్లే కూర్చుండెను. తండ్రి జీపుల కాలమున గూర్చుండెను. ఎందుకని యడిగినవారికి ఆచారి చెప్పు సమాధాన మొక్కటే.

“పని ఎలగున్నాదో సెప్పాల్సింది నోరు కాదు బాబూ, నడుం.”

ఆ లక్ష్మివారము ప్రొద్దుపొడుపున నొక పాత వ్యాను ఆయన కొలిమి ముందు వచ్చి నిలిచెను. ఇరువదియేండ్ల ప్రాయము గడచిన యా శకటము పూర్వాశ్రమమున బట్టణమందు రొట్టెలు మోసినది. దాని ప్రక్కలపై వెలిసిపోయిన గోధుమవెన్నుల చిత్రము నేటికిని గనబడుచుండెను. ఇప్పుడు దాని వెనుకభాగము మాత్రము తోక యెత్తిన తేలువలె నస్వాభావికముగా బైకి లేచియుండెను. దాని నుండి దిగినది వంతల రాజులమ్మ. ముప్పదియైదేండ్ల వయస్సు, పిక్కలపైకి బిగించి కట్టిన చీర, చమురు నలుపెక్కిన యఱచేతులు. పనసలమెట్ట యను కొండయూర బుట్టి, భర్త విషజ్వరమున గతించిన పిమ్మట అతడు నడపిన బండి తాళపుచెవి నెవ్వరి చేతికి నీయక తానే చక్రము పట్టిన స్త్రీ. ఆ చుట్టుపట్ల నాడుది వ్యాను నడపుట యంతకు ముందెవ్వరును జూచి యెఱుగరు. ఆమెయు దనంత దానొక గర్వి యనియే చెప్పవలెను. అందుచే వారిరువురకును మొదటి క్షణముననే మాట కుదిరెను.

“ఎత్తు సెయ్యమన్నాను మేస్త్రీ, ఎత్తు సేసీసినారు. గానీ బండి బండిలాగ నేదు, రోలులాగ అయిపోనాది” అని రాజులమ్మ చెప్పెను.

ఆమె చెప్పుకొన్న సంగతి యిది. పనసలమెట్టకు బోవు త్రోవ రాళ్ళగెడ్డ యను ప్రవాహమును దాటి పోవును. ఆ గెడ్డ నడుమ గుండ్లు మెండు. బండి యడుగు వానికి దగులుచుండుటచే నిన్నాళ్ళును రాజులమ్మ యీవలి యొడ్డుననే బడిభోజనముల సరకు దింపుచుండెను. అచ్చటి నుండి బియ్యము పప్పు నూనె గ్రుడ్లు సమస్తమును ఊరి స్త్రీలు తలలపై నెత్తుకొని రెండుగంటల నిట్టెక్కు నెక్కి బడికి జేర్చుచుండిరి. బడిలో నలువదిముగ్గురు పిల్లలు. అందు రాజులమ్మ కూతురు జమున యొకతె. ఈ యేడు క్రొత్తగా వచ్చిన విద్యాధికారి శశిభూషణరావు వాహనము పోని యూర బడి నడపుట కష్టమనియు బిల్లలను క్రిందిలోయ వసతిగృహమునకు బంపుట మేలనియు దలపోసెను. ఆయన చెడ్డవాడు కాడు; నెత్తిమీది బియ్యపుమూటతో జారిపడి కాలు విఱిగిన యొక స్త్రీని గన్నులార జూచి యట్లు తలపోసినవాడు. అయినను రాజులమ్మ ప్రార్థన విని, వాహనము సరకుతో బడిగుమ్మము చేరినచో బడి యచ్చటనే యుండునని మాట యిచ్చెను.

ఆ మాట పట్టుకొని రాజులమ్మ దూరపు పట్టణమునకు బోయి యొక దుకాణమున వ్యాను వెనుకభాగము నెత్తు చేయించెను. వారు పెద్దగా శ్రమపడలేదు. పాతకట్టలలో రెండేసి లారీపట్టీలు దూర్చి బిగించి పంపివైచిరి. బండి లేచెను, గెడ్డయు దాటెను. కాని కమాను వంగుట మఱచెను. త్రోవలోని ప్రతి రాతిదెబ్బయు నేరుగా సరకునకే తగిలెను. గత సోమవారము బడి ముందు తలుపు దెఱచునప్పటికి గ్రుడ్లు సగము పగిలి బియ్యపుబస్తాలపై గాఱుచుండెను. ఎక్కుడున వెనుకచక్రము లెగిరి బండి లోయయంచు వఱకు జరుగుటచే ముందు గూర్చున్న యధికారి ముఖము పాలిపోయి యుండెను. వచ్చు సోమవారము మఱియొక్కసారి మాత్రము చూతుననియు, అప్పుడు నిట్లే యున్నచో బిల్లలను క్రిందికి బంపక తప్పదనియు జెప్పి యాయన నడచియే కొండ దిగి పోయెను.

“నా గుంటకి ఏడేళ్ళు మేస్త్రీ. దాన్ని లోయలో ఒగ్గీసి నాను బండి ఎవుల కోసం నడపాల?” అని రాజులమ్మ యడిగెను. ఏడువలేదు. ఏడ్చు నలవాటు తప్పినవారి గొంతుతో నడిగెను.

ఆచారి గోనెపట్టా పఱచుకొని వ్యాను క్రిందికి బ్రాకెను. లోపల నుండి సుత్తితో మూడు దెబ్బలు వినబడెను. ఆ మూడింటి ధ్వనియు నొకే తీరున మొద్దుగా నుండెను. వెలుపలికి వచ్చి మోకాళ్ళ దుమ్ము దులుపుకొని యాయన తీర్పు చెప్పెను.

“ఇది కమాను కాదమ్మా, గుదిబండ. ఎత్తు ఒంపులో ఉండాల గానీ మొండితనంలో కాదు. ఈ కట్టలు రెండూ తీసి అవతల పారీడమే. కొత్తవి కడతాను. గానీ నా సమ్మెట మనిషి సుట్టాలింటి పెళ్ళికెల్పోనాడు. మంగళవారం దాకా రాడు. సమ్మెట ఎవులు కొడతారు?”

“నాను కొడతాను” అని రాజులమ్మ కొంగు నడుమునకు దోపుకొనెను.

చదువరులారా, శుక్రవారము సూర్యోదయము మొదలు సాయంకాలము వఱకు ఆ రేకులకప్పు క్రింద జరిగిన కార్యమును నేను చూచితిని. చూచితినని చెప్పుకొనుటయే నాకు గౌరవము. కట్టకు దొమ్మిది పట్టీల చొప్పున రెండుకట్టలకు బదునెనిమిది పలుచని క్రొత్త యుక్కుపట్టీలు కొలతప్రకారము తెగి, పెద్దదాని క్రింద జిన్నది చొప్పున వరుసగా నేలపై బరుండెను. ఒక్కొక్కదానిని కొలిమిలో నిడి యది విరిసిన మోదుగుపూవు రంగు తేలునంత వఱకు గాల్చి పట్టకారుతో దెచ్చి దాగలిపై నుంచి ఆచారి చిన్నసుత్తితో నెచ్చట దట్టునో అచ్చటనే రాజులమ్మ పెద్దసమ్మెటతో గొట్టుచుండెను. ఆయన సుత్తి మాటలాడును. ఆమె సమ్మెట యూకొట్టును. మొదటి పట్టీకి ఆమె దెబ్బలు రెండు తప్పెను. రెండవదానికొకటి తప్పెను. మూడవదాని నుండి మఱి తప్పలేదు. వంపు కుదిరిన పట్టీని నూనెతొట్టిలో ముంచినప్పుడు లేచిన పొగ వారిరువురిని గప్పివేయుచుండెను. పిమ్మట దానిని మరల మెల్లగా వెచ్చజేసి యెండిన కఱ్ఱపుల్లను దానిపై రాసి, పుల్లమొన సన్నగా రవ్వలు రాల్చినప్పుడు పదును కుదిరినదని యెఱిగి యాచారి దానిని గాలికి విడిచిపెట్టును. ఆయనకు గడియారము లేదు, వేడిమి కొలుచు యంత్రము లేదు. ఆ పుల్లయే ఆయన శాస్త్రము. సాయంకాలమునకు రాజులమ్మ యఱచేతులు బొబ్బలెక్కెను. ఆమె వానిని జూచుకొని యొకింత నవ్వి చీరకు దుడుచుకొనెను.

కట్టలు తయారైన పిమ్మట ఆచారి కులాచారము చొప్పున కుడివైపు కట్టపై నొక యులిగాటును ఎడమవైపు కట్టపై రెండు గాట్లను బెట్టెను. కుడికట్టకు అర్ధాంగుళ మెక్కువ వంపు పెట్టుట ఆయన తండ్రి నేర్పిన సూత్రము. ఏలయన నడపువాడు కుడివైపున గూర్చుండును. డీజిలు తొట్టియు సాధారణముగా నావైపే యుండును. బరువు పడినప్పుడు కుడివైపు దిగి రెండువైపులును సమమగును.

శనివారము పాతకట్టలు దిగెను. తుప్పు పట్టిన బోల్టు లొక్కొక్కటి గంటసేపు మొరాయించి యాచారి నోట నేనిచ్చట వ్రాయరాని మాటలు పలికించి పిమ్మట గాని లొంగలేదు. ఇరుసును క్రింద రాతిదిమ్మలపై నిలిపి క్రొత్తకట్టల నెక్కించి నడుమ బోల్టును గూటిలో గూర్చి లాడమువలె వంగిన యూ బోల్టులను దగిలించిరి. కాని చివరి బిగింపు మిగిలించిరి. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా బిగించినచో లోని రబ్బరు మెలిదిరిగి కొన్నాళ్ళకే చినుగును. బండి నేల దిగి తన బరువును దాను మోయుచున్నప్పుడే చివరి బిగింపు బిగింపవలెను. తొందరపడు పనివారు దీనిని బాటింపరు. ఆచారి తొందరపడు జాతివాడు కాడు.

ఆదివారము ప్రొద్దుటి యెండలో వ్యానును నేలకు దింపిరి. వీధివారందఱును బని మానుకొని చూడవచ్చిరి. వెనుకభాగము ముందుకంటె నాలుగంగుళము లెత్తయి, వెనుక నెవరైన నెక్కినచో నొదిగి దిగినచో లేచుచు దివ్యముగా నుండెను. మెచ్చుకోళ్ళు నోటి వఱకు వచ్చెను. అంతలో రాజులమ్మ నాలుగడుగులు వెనుకకు వేసి తల యొక ప్రక్కకు వంచి చూచెను. ఆచారియు వెనుకకు వచ్చి ఆమె ప్రక్కన నిలిచి చూచెను. వ్యాను ఎడమవైపునకు నిండుగా నంగుళ మొరిగి యుండెను.

ఎదుట వెల్డింగు దుకాణము నడపు పొట్నూరు గంగులు చేతులు నలుపుకొనుచు ముందుకు వచ్చెను. మాట తీపి, చేయి చుఱుకు, పనిలో దొడ్డిదారులన్నియు దెలిసినవాడు.

“ఏటవుతాది ఆచారిగోరూ? ఎడంవైపు ఒక ఇనపబిళ్ళ దూర్చీస్తే సరి. అరగంట పని. ఎవుడు తొంగి సూస్తాడు?” అనెను.

అరగంట పని యనుట నిజమే. ఎవ్వరును తొంగి చూడరనుటయు నిజమే. రేపే సోమవారము. రాజులమ్మ గంగులు వంక జూచెను. పిమ్మట ఆచారి వంక జూచెను. ఆమెకు గావలసినది బండి. వంశగౌరవములతో నామెకు బని యేమి? బిళ్ళ దూర్చు మన్నచో ఆ క్షణమున ఆమెను దప్పుపట్టువా రెవ్వరును లేరు. కాని యామె పట్టీలను దన చేతులతో గొట్టియున్నది.

ఆచారి మరల వ్యాను క్రిందికి దూరి ముందువైపు వఱకు బ్రాకి చూచి వచ్చెను. ఆ వ్యానులో డీజిలు తొట్టి కుడివైపున లేదు. పూర్వపు యజమాని యెవడో దానిని ఎడమవైపునకు మార్పించెను. అదనపు చక్రము నావైపే వ్రేలాడుచుండెను. మూడునాళ్ళుగా దానిని ఆచారి చూడకపోలేదు. కన్ను చూచియు జేయి తన యలవాటున దాను పోయెను. నలువదియేండ్లు తప్పని చేతికి గన్ను మాట విను నోపిక యుండదు. ఆయన వీధి నడుమ నిలిచి కండ్లజోడు తీసి తుడుచుకొని యందఱును వినునట్లు గట్టిగా జెప్పెను.

“తప్పు నాది. కట్టలది కాదు, ఈ యమ్మది కాదు. తొట్టి ఎటున్నాదో సూడకుండా మా నాన్న సెప్పిన లెక్క కట్టీసినాను. రెండూ ఇప్పి, కుడిది ఎడంకి, ఎడందాన్ని కుడికి మారుస్తాను. పొద్దుగూకే లోపు బండి లేస్తాది. నవ్వుకోవాలనుకున్నోళ్ళు ఇప్పుడే నవ్వీయండి, తరవాత నాకు సుత్తి సప్పుడులో వినపడదు.”

ఎవ్వరును నవ్వలేదు. నన్నడిగినచో మండోజువారి గర్వమున కంతకంటె నెత్తైన ఘట్టము లేదు. తన పని గొప్పదని చెప్పుకొను గర్వము చౌకది. ప్రతి వీధిలోను దొరకును. పదిమందిలో నిలిచి నా పని తప్పినదని చెప్పి చొక్కా విప్పి మరల నేలపై బ్రాకు గర్వము వేఱు. అది యున్నవాని యెదుట మనకు దెలియకయే చేతులు కట్టుకొందుము.

ఈ సారి యిరుసును రాతిదిమ్మలపై నిలుపక, చట్రమును జాకీలపై నెత్తి చక్రములను స్వేచ్ఛగా వ్రేలాడ విడిచిరి. అప్పుడు గాని వారికి మఱియొకటి కనబడలేదు. చట్రము నుండి యిరుసునకు బ్రేకునూనె గొనిపోవు రబ్బరుగొట్టము బిగిసి తీగవలె నిలిచియుండెను. బండి నాలుగంగుళములు లేచెను. గొట్టము మాత్రము పాత కొలతతోనే యుండెను. వంగని పాతకట్టలతో నిరుసు క్రిందికి జాఱలేదు గనుక గతవార మది తెలియలేదు. చదునునేలపై నది తెలియదు. గెడ్డలో నొకచక్రము గుంటలో దిగినప్పుడు తెగును. తెగినచో నిట్టెక్కుడున నాపుట కేమియు మిగులదు. ఆచారి దానిని వ్రేలితో మీటి చూచెను. ఇనుపబిళ్ళ దూర్చి పోయియుండినచో నేమగునో రాజులమ్మ కొకరు చెప్పనక్కఱలేదు. ఆమె ముందుచక్రమున కానుకొని నేలపై గూర్చుండి కూతురి పేరు రెండుమాఱులు మెల్లగా బలికెను.

గంగులు తన దుకాణములోనికి బోయి వెదకి వెదకి యొక పొడవైన క్రొత్తగొట్టమును దెచ్చి యిచ్చెను.

“ఇది సరిపోతాదేటో సూడండి ఆచారిగోరూ. బిళ్ళ మాట నాననలేదనుకోండి” అని తల గోకికొనెను.

కట్టలు స్థలములు మారెను. గొట్టము మారెను. నూనెలోని గాలిని రాజులమ్మయే పెడలు త్రొక్కి వెడలగొట్టెను. సూర్యుడు పడమటి కొండ నంటుచున్న వేళ వ్యాను మరల నేల దిగి, రెండువైపులు సమముగా, దర్జాగా నిలుచుండెను. అప్పుడు గంగులు మఱియొక యుపకారము చేయబోయెను. ఒకగాటు కట్ట యెడమనుండుట రెండుగాట్ల కట్ట కుడినుండుట చూచినవా రేమనుకొందురు, ఆకురాయి పట్టి గాట్లను జెరిపివేయుదునా యని యడిగెను.

“ఉండనీ. నా తరవాత ఇంకో మేస్త్రి దీన్ని ఇప్పుతాడు. మండోజోళ్ళు ఒకసారి తప్పినారు, దిద్దుకున్నారు అని సదూకుంటాడు” అని ఆచారి చివరి బోల్టును బిగించెను.

సోమవారము మంచు విడిచిన పిమ్మట వ్యాను బయలుదేరెను. చక్రము ముందు రాజులమ్మ. ఆమె ప్రక్కన నొడిలో పుస్తకము, రెండుచేతులతో ముందుకడ్డీని బట్టుకొని యధికారి శశిభూషణరావు. వెనుక బియ్యపుబస్తాల నడుమ, మూడువందల యఱువది గ్రుడ్ల యట్టలకు మధ్య, సరిగా నిరుసుమీద, తెల్లనిపంచె కట్టి క్రొత్త కండువా వేసికొని మండోజు అప్పలాచారి. పెండ్లికొడుకు పల్లకిలో నంత నిటారుగా గూర్చుండడు.

రాళ్ళగెడ్డ చేరగానే అధికారి కన్నులు మూసికొనెను. రాజులమ్మ వేగము తగ్గించి గేరు మార్చి నీటిలోనికి దింపెను. గతమున నడుగు దగిలిన గుండు ఈ మాఱు చట్రము క్రింద నుండి నాలుగువ్రేళ్ళ యెడముతో జాఱిపోయెను. నడుమ నెడమచక్రము మోకాలిలోతు గుంటలో దిగెను. కట్ట తన తొమ్మిదిపట్టీల మేర విచ్చి దానిని గుంట యడుగు వఱకు విడిచి మరల మెల్లగా దనలోనికి దీసికొనెను. గ్రుడ్ల యట్టలు గాలికి వరిచేను వంగినట్లు వంగి లేచెను. ఆచారి వానిని జేతితో బట్టలేదు. పట్టినచో నది పరీక్ష కాదని యాయన యభిప్రాయము. వెనుక నుండి యాయన కేక యొక్కటి వినబడెను.

“బేగి పోవక్కర్నేదు తల్లీ, నడుం బాగుంది!”

ఆవలి యొడ్డున బదునలుగురు స్త్రీలు తలపై మూట నిలుపు చుట్టకుదుళ్ళు చేతబట్టుకొని నిలుచుండిరి. గతవారము బండి యెక్కినను మరల నెక్కునో యెక్కదో యెవరికి దెలియును? సోమవారము గెడ్డకు వచ్చి సరకు నెత్తుకొనుట వారి కేండ్ల నాటి యలవాటు. బండి వారిని సమీపించెను. వారు ముందుకు వచ్చిరి. రాజులమ్మ హారను మ్రోగించెను గాని బండి నాపలేదు.

“వాళ్ళు సరుకు దింపుకోడానికి వచ్చారు కదమ్మా?” అని కన్నులు దెఱచిన యధికారి యడిగెను.

“ఇయాల దింపేది బడి కాడే బాబూ” అని రాజులమ్మ యెక్కుడువైపు చక్రము త్రిప్పెను.

ఆ యెక్కుడును నేను మాటలతో నెక్కించలేను. ఒకవైపు కొండగోడ, ఒకవైపు లోయ, నడుమ వానలు కోసిన లోతు గాడులు. గతవారము చక్రములెగిరిన మలుపున నీ మాఱు చక్రములు నేల నంటిపెట్టుకొని యుండెను. పైమలుపున నడ్డముగా నొక యావుదూడ వచ్చి నిలుచుండగా రాజులమ్మ బ్రేకు త్రొక్కెను. బండి నిట్టెక్కుడున నిలిచిన చోటనే నిలిచెను. దూడ తనకు దోచినప్పుడు ప్రక్కకు దొలగెను. బండి మరల గదలెను. అధికారి కడ్డీని విడిచి పుస్తకమును దెఱచుకొనుట రాజులమ్మ యోరకంట జూచెను.

బడిముందు బండి నిలువగానే పిల్లలు నలువదిముగ్గురును జుట్టుముట్టిరి. ఆచారి మెల్లగా దిగి నడుము సరిచేసికొని తలుపు దెఱచెను. ఉపాధ్యాయుడు నధికారియు గూర్చుండి యట్టలు దింపి గ్రుడ్లు చూచిరి. ఒకటొకటిగా జూచిరి. పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టిరి. పదునొకండవ యట్టలో నొక గ్రుడ్డు సన్నగా బీటవాఱి యుండెను. అధికారి దానిని బైకెత్తి యాచారికి జూపెను. ఆయన కండ్లజోడు సవరించుకొని దానిని ద్రిప్పి త్రిప్పి చూచెను.

“ఇది కోడి తప్పు బాబూ, కమాను తప్పు కాదు” అని గంభీరముగా జెప్పెను.

అధికారి నవ్వెను. నవ్వుచునే పుస్తకమున, పనసలమెట్టకు వాహనము పోవుననియు, సరకు నిరపాయముగా జేరుననియు, బడి యెప్పటివలె నచ్చటనే నడువవలసినదనియు వ్రాసెను. వ్రాసి, నడపినవారి పేరు చెప్పుమని రాజులమ్మ నడిగి, పూర్తిపేరు వ్రాసికొని, కమానులు గట్టినవారి పేరును దానిప్రక్కన వ్రాసెను. పిమ్మట వ్రాసినది పైకి జదివి వినిపించెను. జమున పరుగున వచ్చి తల్లినడుమును గౌగిలించుకొనెను. రాజులమ్మ బొబ్బలెక్కిన చేతిని కూతురి తలపై నుంచి, బండికి వీపు నానించి, యప్పుడు ఏడ్చెను. చాలదినములకు ఏడ్చుటచే నామె కది సరిగా రాలేదు.

అప్పటికి గాని మలుపున స్త్రీలు కనబడలేదు. బండి చేరి చాలసేపయ్యెను. వట్టిచేతులతో నెక్కినవారు దానికి దగినంత వేగముగా రాలేదు. నెమ్మదిగా, విడివిడిగా, నాగి నాగి వచ్చుచుండిరి.

“ఇంత ఆలస్యమైందేమమ్మా? ఇవాళ బరువు కూడా లేదు కదా?” అని అధికారి యడిగెను.

వారిలో నెల్లరకంటె బెద్దది పాంగి గాసమ్మ. నలువదియేండ్లుగా నా త్రోవను మూటతో నెక్కినది. ఆమె యొకచేయి యప్పటికిని దలపై లేని మూటను బట్టుకొన్నట్లు సగము లేచియే యుండెను. అది తానెఱిగి సిగ్గుపడి చేతిని దింపుకొనెను.

“అదే బాబూ. తల మీద ఏటీ నేకపోతే ఎలగ నడవాలో తెలీనేదు” అనెను.

ఆచారి కండువాతో ముఖము తుడుచుకొని వేఱొకవైపు చూచెను. మిగిలిన స్త్రీలును నొక్కరొక్కరుగా మలుపు తిరిగిరి. మెడ కదలించుటకు వీలులేక కాళ్ళముందటి రాయిని దప్ప నేనాడును మఱేమియు జూచి యెఱుగని యా నిట్టెక్కుడున, చుట్టకుదుళ్ళను మోచేతులకు దగిలించుకొని, తలలు పైకెత్తి, తమ కొండను దాము చూచుకొనుచు వారు బడివాకిటికి వచ్చిరి.